పంపినవారెవరు? – ఈ-మెయిల్ ముద్రల చరిత్ర

ఉత్తరము చేతికి అందగానే మనము మొదట చూచునది పంపినవారి పేరు. ఆ పేరు తెలిసినదైనచో నమ్మి చదువుదుము. తెలియనిదైనచో అనుమానముతో చదువుదుము. కావుననే వంచకుడు ధనమును దొంగిలింపదలచినప్పుడు ముందుగా పేరును దొంగిలించును. ఈ సంగతి మన పూర్వులకు చక్కగా తెలియును. వేంగి నేలిన తూర్పు చాళుక్యులు భూదానము చేసినప్పుడు శాసనమును రాగిరేకులపై చెక్కించి, రేకులకు రంధ్రము చేసి, అందులో కడియము దూర్చి, కడియపు కొనలను ముద్రతో కలిపి అతికించెడివారు. ఆ ముద్రపై వరాహలాంఛనమును, "శ్రీ త్రిభువనాంకుశ" అను బిరుదమును కానవచ్చును. కడియమును కోయనిదే రేకును మార్చుటకు వీలులేదు. అయినను దొంగశాసనములు పుట్టకపోలేదు. కూటశాసనములు కల్పించువారిని వధింపవలెనని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. నేరమే లేనిచో శిక్ష విధింప నక్కర యుండదు గదా!

ఈనాడు బ్యాంకు లెక్కలు, బడి ఫీజు చీటీలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రి పరీక్షల ఫలితములు మన యిండ్లకు ఈ-మెయిల్ రూపమున వచ్చుచున్నవి. ఈ కొత్త ఉత్తరమునకు ముద్ర ఎట్లేర్పడినది? పుట్టినప్పుడే ఏల ఏర్పడలేదు? స్వంత డొమైన్, అనగా అంతర్జాలమున తనదంటూ ఒక పేరు, సంపాదించుకొన్న చిన్న వ్యాపారియో, పాఠశాలయో, గృహస్థుడో ఆ ముద్రను ఎట్లు వేయించుకొనవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

కథ 1971లో ఆరంభమగును. అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున బి.బి.ఎన్. అను సంస్థలో పనిచేయుచుండిన రే టాంలిన్‌సన్ అను ఇంజనీరు, ఆర్పానెట్ అను కంప్యూటర్ల వలయము ద్వారా ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ఉత్తరము పంపెను. మనిషి పేరును, యంత్రము పేరును విడదీయుటకు ఆయన ఎన్నుకొన్న 'ఎట్' గుర్తు నేటికిని మన చిరునామాల నడుమ నిలిచియున్నది. నాటి ఆర్పానెట్ ఒక చిన్న పల్లె వంటిది. కొన్ని విశ్వవిద్యాలయములు, కొన్ని పరిశోధనాలయములు, రక్షణశాఖకు సంబంధించిన కొన్ని కార్యాలయములు – ఇవియే దాని యిండ్లు. అందరును అందరిని ఎరిగినచోట తలుపులకు తాళము లేయవలెనని ఎవరికి తోచును?

ఆ నమ్మకముతోనే 1982 ఆగస్టులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన సమాచార విజ్ఞాన సంస్థలోని జోనథన్ పోస్టెల్ ఈ-మెయిల్ రవాణా నియమములను ప్రకటించెను. వీనికే ఎస్.ఎం.టి.పి. అని పేరు. నేటికిని ప్రపంచమందలి ఉత్తరములు ఆ నియమముల ననుసరించియే ఒక సర్వరు నుండి మరియొక సర్వరునకు చేరుచున్నవి. పంపు యంత్రము, అందుకొను యంత్రమును పలుకరించి, "ఇది ఫలానా వారి యొద్దనుండి, ఫలానా వారికి" అని చెప్పును. ఇది కవరుపై వ్రాత వంటిది. తరువాత అసలు ఉత్తరమును అప్పగించును. ఆ ఉత్తరము తలపై "ఫ్రం" అను శీర్షిక క్రింద మరల ఒక పేరుండును. మన కంటికి కనబడునది ఈ రెండవ పేరే. కవరుపై పేరు ఒకటి, లోపలి పేరు మరియొకటి కావచ్చును. ఈ రెండింటిలో ఏదియైన నిజమా యని అడుగు ఏర్పాటు ఆ నియమములలో లేదు. ఎవరి పేరైనను ఎవరైనను వ్రాయవచ్చును. తరువాతి కథ అంతయు ఈ ఒక్క లోపము చుట్టును తిరుగుచున్నది.

ఆ లోపమును తీర్చు సాధనము మాత్రము మరుసటి సంవత్సరమే పుట్టినది, అందుకొరకని పుట్టలేదు. అదివరకు ఆర్పానెట్‌లోని యంత్రముల పేర్లన్నియు కాలిఫోర్నియాలో ఒకేచోట ఒకే పట్టికగా వ్రాసి ఉంచెడివారు. యంత్రములు పెరిగినకొలది ఆ పట్టికను నిర్వహించుట కష్టమైనది. 1983 నవంబరులో, పోస్టెల్ పనిచేయు సంస్థలోనే యుండిన పాల్ మొకపెట్రిస్ డి.ఎన్.ఎస్. అను పద్ధతిని ప్రకటించెను. పూర్వము మన పల్లెలలో ఏ ఊరి లెక్క ఆ ఊరి కరణము వద్ద ఉండెడిది. అన్ని ఊళ్ల లెక్కలును రాజధానిలో ఒకే పుస్తకమున వ్రాయుట లేదు. డి.ఎన్.ఎస్. కూడ అటువంటిదే. ఏ పేరునకు సంబంధించిన వివరములను ఆ పేరు గలవారే వ్రాయించుకొందురు; లోకములోని ఏ యంత్రమైనను వానిని అడిగి తెలిసికొనవచ్చును. ఆ లెక్కలలో పేరు గలవాని అనుమతి లేక మరియొకరు వ్రాయరాదు. ఈ ధర్మమే ఇరువది సంవత్సరముల తరువాత సాక్ష్యమునకు అక్కరకు వచ్చినది.

ఈలోగా పల్లె పట్టణమై, పట్టణము మహానగరమైనది. 1978 మే నెలలోనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీకి చెందిన ఒక విక్రయాధికారి తమ కంప్యూటర్లను గూర్చి సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి చీవాట్లు తినెను. అతడు తన పేరుతోనే పంపెను. 1990ల నాటికి వచ్చినవారు ఇతరుల పేర్లతో పంప మొదలిడిరి. 1997లో అమెరికాలో ఇట్లు జరిగినది. జో అను నతడు "జోస్ డాట్ కాం" అను స్వంత డొమైన్ నడుపుచుండెను. అడుగని ప్రకటనలు పంపిన ఒక వాడుకరి ఖాతాను అతడు తొలగించెను. ఆ వాడుకరి కక్షబూని, జో పంపినట్లే కనబడు ప్రకటనలను లోకమునకు వెదజల్లెను. తిట్లుత్తరములన్నియు జోకు వచ్చినవి. కొందరు కోపముతో చేసిన దాడికి అతని వెబ్‌సైటు కొంతకాలము మూతపడినది. నిరపరాధి పేరుతో చేయు ఇట్టి దుండగమునకు ఆంగ్లమున "జో జాబ్" అను పేరే స్థిరపడిపోయినది. స్వంత పేరు గలవానికి ఎట్టి ముప్పు కలదో నాడు తేటతెల్లమైనది.

మొదటి సాక్ష్యము ఇక్కడ ప్రవేశించును. "నా పేరుతో ఉత్తరములు పంపు అధికారము ఈ యీ యంత్రములకు మాత్రమే కలదు" అని పేరు గలవాడు డి.ఎన్.ఎస్.లో వ్రాసి ఉంచినచో, అందుకొనువారు దానిని చూచి నిజము తెలిసికొనవచ్చును గదా! 2002లో పాల్ విక్సీ ఈ భావమును ఒక చిన్న పత్రముగా వ్రాసెను. మరుసటి సంవత్సరము మరి ఇరువురు ఇటువంటి పద్ధతులనే సూచించిరి. వానిని కలిపి మెంగ్ వెంగ్ వాంగ్ అను నతడు ఎస్.పి.ఎఫ్. అను పద్ధతిని రూపొందించెను. మైక్రోసాఫ్టు వారు తమ పద్ధతి నొకదానిని తెచ్చిరి. రెండింటిని సమన్వయింప 2004లో ఏర్పడిన సంఘము ఏకాభిప్రాయము కుదరక ఆ సంవత్సరమే చాలించుకొనెను. 2006 ఏప్రిలులో ఎస్.పి.ఎఫ్. ప్రయోగాత్మకముగా ప్రకటింపబడి, 2014 ఏప్రిలులో ప్రమాణపు వరుసలోనికి చేరినది.

ఎస్.పి.ఎఫ్.నకు రెండు కొరతలు కలవు. అది కవరుపై పేరును మాత్రమే పరీక్షించును. మన కంటికి కనబడు లోపలి పేరును పట్టించుకొనదు. మరియు, ఒకరికి వచ్చిన ఉత్తరమును వారి పాత చిరునామా నుండి కొత్త చిరునామాకు మళ్లించినప్పుడు, పంపు యంత్రము మారును గనుక, నిజమైన ఉత్తరము కూడ దొంగదిగా తేలును. బంట్రోతు ముఖము చూచి ఉత్తరమును నమ్ముట వంటిది ఇది. బంట్రోతు మారగానే నమ్మకము పోవును. ముద్ర బంట్రోతుపై గాక ఉత్తరముపైననే ఉండవలెనను ఆలోచన అందుచేత కలిగినది.

ఇందుకు కావలసిన గణితము అప్పటికే సిద్ధముగా నుండెను. 1976లో డిఫీ, హెల్‌మన్ అను ఇరువురు జంట తాళపుచెవుల సిద్ధాంతమును ప్రకటించిరి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ అను మువ్వురు దానిని ఆచరణకు వచ్చు విధమున సాధించిరి. రెండు చెవులలో ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. రహస్యపు చెవితో వేసిన ముద్రను బహిరంగపు చెవితో ఎవరైనను సరిచూడవచ్చును. కాని దానితో కొత్త ముద్ర వేయుట సాధ్యము కాదు. 2004 ప్రాంతమున యాహూలోని మార్క్ డిలేనీ, సిస్కోలోని జిమ్ ఫెంటన్ వేరువేరుగా ఈ గణితమును ఈ-మెయిల్‌కు అన్వయించిరి. ఆ రెండు పద్ధతులును కలిసి డీకిమ్ అను పేరుతో 2007 మే నెలలో వెలువడినవి. పంపు సర్వరు ఉత్తరపు సారమును ఒక చిన్న సంఖ్యగా కుదించి, దానిపై రహస్యపు చెవితో ముద్ర వేయును. బహిరంగపు చెవి ఆ పేరు యొక్క డి.ఎన్.ఎస్.లో ఉండును. దారిలో ఎవరైన ఒక అక్షరము మార్చినను ముద్ర చెడును. మార్పు లేనంతవరకు ఎన్ని చేతులు మారినను ముద్ర నిలుచును.

విశాఖదత్తుని ముద్రారాక్షసము మన పాఠకులకు తెలిసినదే. రాక్షసమంత్రి ఉంగరము చాణక్యుని చేతబడినది. ఆ ముద్రతో సిద్ధమైన కపటలేఖ రాక్షసునికిని మలయకేతువునకును నడుమ చిచ్చు పెట్టినది. రహస్యపు చెవి పరుల చేతబడినను అంతే. అది చేతబడనక్కరలేదు, బలహీనమైన చాలును. 2011 డిసెంబరులో జాకరీ హారిస్ అను అమెరికా గణితశాస్త్రజ్ఞునకు గూగుల్ సంస్థనుండి ఉద్యోగమును గూర్చి ఒక ఉత్తరము వచ్చినది. నిజమైనదా యని పరీక్షింపగా ముద్ర చెవి 512 బిట్లు మాత్రమే యని తేలినది. అంత పొడవుగల సంఖ్యను గణితజ్ఞులు 1999లోనే ఛేదించియుండిరి. ఇది తనకు పెట్టిన పరీక్ష కాబోలునని తలచి, హారిస్ ఆ చెవిని ఛేదించి, సంస్థ స్థాపకులలో ఒకరి పేరుతో రెండవవారికి ఉత్తరము పంపెను. జవాబు రాలేదు; రెండు దినములలో ఆ చెవి 2048 బిట్లకు మారినది. 2012 అక్టోబరులో ఈ కథ పత్రికలకెక్కినది. 2018లో వచ్చిన సవరణ, 1024 బిట్లకు తక్కువ చెవితో ముద్ర వేయరాదనియు, 2048 ఉండుట మేలనియు విధించినది.

ఎస్.పి.ఎఫ్., డీకిమ్ రెండును ఉన్నను ఒక చిక్కు మిగిలినది. సాక్ష్యము తప్పినచో ఉత్తరమును ఏమి చేయవలెను? పారవేయవలెనా, దాచవలెనా, అందజేయవలెనా? అంతేకాక, వంచకుడు తన స్వంత పేరునకు సరియైన ముద్ర వేసి, లోపల కనబడుచోట మీ బ్యాంకు పేరు వ్రాసినచో ఎట్లు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానముగా పేపాల్, గూగుల్, మైక్రోసాఫ్టు, యాహూ మొదలగు సంస్థలు కలిసి 2012 జనవరి 30న డీమార్క్ అను పద్ధతిని ప్రకటించినవి. 2015 మార్చిలో అది పత్రరూపమున వెలువడినది. కంటికి కనబడు పేరు, ఎస్.పి.ఎఫ్. లేక డీకిమ్ సాక్ష్యమిచ్చిన పేరుతో సరిపోవలెనని దాని మొదటి నియమము. సరిపోనిచో ఏమి చేయవలెనో పేరు గలవాడే చెప్పునని రెండవది. "నన్" అనిన ఏమియు చేయవద్దు, నాకు తెలియజేయుడు చాలును. "క్వారంటైన్" అనిన అనుమానపు పెట్టెలో వేయుడు. "రిజెక్ట్" అనిన గుమ్మమునుండియే త్రిప్పి పంపుడు. మూడవది మిక్కిలి ఉపయుక్తము: మీ పేరుతో ఏ యంత్రముల నుండి ఎన్ని ఉత్తరములు వచ్చినవో అందుకొనువారు మీకు నివేదికలు పంపుదురు. తన పేరు లోకమున ఎట్లు వాడబడుచున్నదో పేరు గలవానికి ఇందువలన తెలియును.

తొందరపాటు ఎంత చేటో కూడ చరిత్రయే చూపినది. 2014 ఏప్రిలులో యాహూ తన పేరుపై "రిజెక్ట్" ప్రకటించెను. వంచకులను అడ్డుట దాని ఉద్దేశము. కాని సంఘములు, గోష్ఠులు తమ సభ్యులందరికి ఒకే చిరునామా ద్వారా ఉత్తరములు పంచు ఏర్పాట్లు నాడు అనేకములుండెను. యాహూ సభ్యుడొకడు వ్రాసిన ఉత్తరము గోష్ఠి సర్వరు నుండి, శీర్షికలో గోష్ఠి పేరు చేర్చబడి బయలుదేరును. యంత్రము మారినది గనుక మొదటి సాక్ష్యము పోయినది, అక్షరములు మారినవి గనుక రెండవ సాక్ష్యము పోయినది. ఏ తప్పును చేయని సభ్యుల ఉత్తరములు గుంపులుగా తిరుగుటపాలైనవి. కోటకు తలుపులు బిగించువాడు లోపలివారి రాకపోకలను కూడ లెక్కించుకొనవలెనను పాఠము లోకము నేర్చుకొనెను.

ఇట్లుండగా స్వంత డొమైన్ గలవారు చేయవలసినదేమి? ఉదాహరణకు విజయవాడలో ఒక చిన్న ముద్రణాలయము కలదనుకొందము. అది తన పేరుతోనే బిల్లులు పంపుచున్నది. ఒకనాడు ఎవరో అదే పేరుతో, "మా బ్యాంకు ఖాతా మారినది, సొమ్ము ఇక్కడికి పంపుడు" అని ఖాతాదారులకు వ్రాసినచో, పోవునది ఖాతాదారు సొమ్ము, ఆ ముద్రణాలయము పరువు.

ఆ యజమాని మొదట కాగితము తీసికొని, తన పేరుతో ఎవరెవరు ఉత్తరములు పంపుచున్నారో వ్రాసికొనవలెను: మెయిలు నడుపు కంపెనీ, బిల్లులు పంపు సాఫ్టువేరు, వెబ్‌సైటు, పండుగ శుభాకాంక్షలు పంపు సేవ. ఒకదానిని మరచినచో రేపు దాని ఉత్తరములే దొంగవిగా తేలును. పిమ్మట వారందరిని ఒకే ఎస్.పి.ఎఫ్. వాక్యమున చేర్చి డి.ఎన్.ఎస్.లో వ్రాయింపవలెను. రెండు వాక్యములున్నచో రెండును చెల్లవు. ఆ వాక్యమును పరీక్షించుటకు డి.ఎన్.ఎస్.ను పదిసార్లకు మించి అడుగవలసిన అవసరము రాకూడదను నియమము కూడ కలదు. తరువాత ఒక్కొక్క సేవనుండి డీకిమ్ బహిరంగపు చెవిని తీసికొని, వారు చెప్పిన గుర్తు క్రింద డి.ఎన్.ఎస్.లో నిలుపవలెను. చివరకు డీమార్క్ వాక్యమును "నన్"తో ఆరంభించి, నివేదికలు తెప్పించుకొని, కొన్ని వారములు ఓపికతో చూడవలెను. మరచిన సేవ ఏదైన ఉన్నచో ఆ నివేదికలలో బయటపడును. దానిని సరిచేసి "క్వారంటైన్"నకు, పిదప "రిజెక్ట్"నకు పోవలెను. కొనియుంచి వాడని పేర్లను కూడ ఊరక విడువరాదు. పాడుబడిన యింట దొంగలు కాపురముందురు. అట్టి పేర్లపై "దీని నుండి ఎవరును ఉత్తరములు పంపరు" అని వ్రాసి, "రిజెక్ట్" పెట్టిన సరిపోవును.

ఇది ఇష్టమున్నచో చేయు పనిగా ఎంతోకాలము లేదు. 2017 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము తన శాఖలు సంవత్సరములోపల "రిజెక్ట్"నకు చేరవలెనని ఆజ్ఞాపించెను. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దయెత్తున పంపువారికి మూడు సాక్ష్యములను తప్పనిసరి చేసినవి. జీమెయిల్ ఖాతాలకు దినమునకు 5,000 ఉత్తరములు పంపువారు ఈ కోవకు చెందుదురు. చిన్నవారికి సైతము ఎస్.పి.ఎఫ్., డీకిమ్‌లలో ఒకటియైన ఉండవలెను. 2025 మే నుండి మైక్రోసాఫ్టు కూడ ఈ దారినే నడిచినది. సాక్ష్యము లేని నిజాయితీపరుని ఉత్తరము కూడ చెత్తబుట్టలో పడుననుట ఇందలి చేదు సత్యము. నాలుగైదు పెద్ద సంస్థలు గుమ్మమున నిలిచి ఎవరిని లోనికి పంపవలెనో తేల్చుట అందరికి సమ్మతము కాకపోవచ్చును. అయినను సాక్ష్యము వ్రాయు కలము మాత్రము ఇంకను పేరు గలవాని చేతిలోనే ఉన్నది. దానిని వాడకుండుట అతనికే నష్టము.

ఈ ముద్రల పరిమితిని కూడ చెప్పక తప్పదు. ముద్ర పేరును నిరూపించును, మనసును నిరూపింపదు. లిథువేనియా దేశస్థుడొకడు 2013 నుండి 2015 వరకు, ప్రసిద్ధమైన ఒక తైవాను కంపెనీ పేరుతోనే లాత్వియాలో మరియొక కంపెనీ నమోదు చేయించి, వారి ఉద్యోగులు వ్రాసినట్లు ఉత్తరములు పంపి, గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుండి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టెను. 2019లో అతనికి అయిదేండ్ల శిక్ష పడినది. పేరును పోలిన పేరును రిజిస్టరు చేసికొని, దానికి సక్రమముగా ముద్ర వేయువాడిని ఈ మూడు సాక్ష్యములును ఆపలేవు. కావున సొమ్ము అడుగు ఉత్తరము ఎంత శుద్ధముగా వచ్చినను, మనకు ముందే తెలిసిన నంబరునకు ఫోను చేసి అడిగి తెలిసికొనుట మేలు.

ఈ చరిత్రయంతయు చూచినప్పుడు మాకు తోచునదొక్కటి. పోస్టెల్ మొదలగువారు నమ్మినది తప్పు కాదు. వారి పల్లెకు ఆ నమ్మకము చాలెను. ఊరు పెరిగినప్పుడు నమ్మకమునకు సాక్ష్యము తోడు కావలసినది. చాళుక్యప్రభువుల ముద్ర ప్రభువుల వద్దనే ఉండెను. అట్టి రాజముద్ర సామాన్యుని పేరునకు లేకుండెను. నేడు స్వల్పమైన రుసుముతో స్వంత పేరు కొనుక్కొన్న ఏ గృహస్థుడైనను, మూడు వాక్యములు వ్రాయించి, ఛేదించుట మిక్కిలి కష్టమైన ముద్రను తన ఉత్తరమునకు వేసికొనగలుగుచున్నాడు. పేరు పెట్టుకొనుట ఒక దినపు వేడుక. దానిని కాచుకొనుట నిత్యకృత్యము. డొమైన్ కొన్న దినముననే ఆ మూడు వాక్యములును వ్రాయించుట మంచిదని మా మనవి.